సోరియాసిస్: భయమూ వద్దు, నిర్లక్ష్యమూ వద్దు

మండువేసవిలో కూడా పూర్తి చేతుల చొక్కా తొడుక్కుని విధులకు హాజరయ్యే ఉద్యోగులు కొందరు మనకు తారసపడుతూ ఉంటారు. వారందరూ అలవాటు కొద్దీ అలా వచ్చేవారు కారు. మోచేతుల మీది మచ్చలు పదిమంది కంట పడకుండా దాచుకోవడానికి ఆ చొక్కాను ఆశ్రయించినవారు కూడా వారిలో ఉంటారు. క్షవరశాలకు వెళ్లడానికి జంకేవారు, క్యాంటీనులో నలుగురి మధ్య కూర్చోవడానికి సంకోచించేవారు, పెళ్లిపిలుపు రాగానే ఏదో ఒక వంక వెదుక్కునేవారు ఉన్నారు. వీరిలో కొందరిని లోలోపల పీడిస్తున్నది సోరియాసిస్ అనే చర్మవ్యాధి.

ఈ వ్యాధి సాధారణంగా ప్రాణం తీయదు. పక్కవారికి అంటదు. అయినప్పటికీ దీనివల్ల రోగి అనుభవించే క్షోభ చిన్నది కాదు. ఆ క్షోభలో కొంత వ్యాధి తెచ్చిపెట్టేది. మరికొంత వ్యాధిని గురించిన అజ్ఞానం తెచ్చిపెట్టేది. ఈ విషయంలో సమాజం చేసే పొరపాటు ఒకటి, రోగి చేసే పొరపాటు ఒకటి. అంటువ్యాధి అనుకుని రోగిని దూరంగా ఉంచడం మొదటిది. ఏదో ఒక మందుతో వ్యాధిని ఒక్కసారిగా, శాశ్వతంగా వదిలించుకోవాలని ఊరూరా తిరగడం రెండవది. మధుమేహాన్ని, రక్తపోటును ఏ విధంగా అదుపులో ఉంచుకుంటూ మన పనులు మనం చేసుకుంటున్నామో, సోరియాసిస్‌ను కూడా అదే దృష్టితో చూడడం నేర్చుకుంటే ఈ రెండు పొరపాట్లూ తొలగిపోతాయి.

వ్యాధి స్వరూపం

మన చర్మం పైపొర నిత్యమూ కొత్తది తయారవుతూ, పాతది రాలిపోతూ ఉంటుంది. అడుగు వరుసలో పుట్టిన కణం పైకి చేరి, ఎండి రాలిపోవడానికి సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్ సోకిన చోట ఇదే ప్రయాణం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. పక్వం కాని కణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. అందువల్ల ఎర్రగా, దళసరిగా, అంచులు స్పష్టంగా ఉండే మచ్చలు ఏర్పడి, వాటి మీద వెండి రంగు పొలుసులు లేస్తాయి. చామనచాయ, నలుపు రంగు చర్మం మీద ఆ ఎరుపు ఊదాగానో, ముదురు గోధుమ రంగుగానో కనిపించవచ్చు.

దీనికి మూలం చర్మంలో లేదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థలో ఉన్నది. శత్రువులైన క్రిములు లేకపోయినా ఉన్నట్టుగా భావించి, టి-కణాలు అనే తెల్ల రక్తకణాలు చర్మంలో అలజడి రేపుతాయి. అవి విడుదల చేసే రసాయనాలు చర్మకణాలను తొందరపెడతాయి. కాబట్టి సోరియాసిస్‌ను కేవలం చర్మానికి పరిమితమైన రుగ్మతగా కాక, శరీరమంతటికీ సంబంధించిన వ్యాధిగా నేటి వైద్యశాస్త్రం పరిగణిస్తున్నది.

మోచేతులు, మోకాళ్లు, నడుము కింది భాగం, తల, అరచేతులు, అరికాళ్లు దీనికి ఇష్టమైన స్థానాలు. తలలో వచ్చినప్పుడు చుండ్రు అని పొరబడతారు. ఒంటి మీద వచ్చినప్పుడు తామర అని భావించి దుకాణంలో దొరికిన లేపనం పూస్తారు. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడడం, గోరు చర్మం నుంచి విడిపోవడం కూడా ఈ వ్యాధి లక్షణాలే. పిల్లల్లోనూ, యువకుల్లోనూ గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు ఒంటినిండా నీటిచుక్కలంత మచ్చలు లేచే రకం ఒకటి ఉన్నది. చర్మవైద్య నిపుణులు చాలా సందర్భాల్లో చూసిన మీదటే వ్యాధిని గుర్తించగలరు. సందేహం ఉన్నప్పుడు మాత్రమే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

మన దేశంలో పెద్దవారిలో నూటికి 0.44 నుంచి 2.8 మంది దాకా ఈ వ్యాధి ఉన్నట్టు వివిధ అంచనాలు చెబుతున్నాయి. అంటే వెయ్యిమంది పనిచేసే కర్మాగారంలో తక్కువ లెక్క తీసుకున్నా నలుగురికి, ఎక్కువ లెక్క తీసుకుంటే ఇరవై ఎనిమిది మందికి ఇది ఉండే అవకాశం ఉన్నది. రోగి తాను ఒంటరినని అనుకుంటాడు గాని, నిజానికి కాడు.

కుష్ఠుతో కలిపి చూసిన కాలం

ఈ వ్యాధికి అంటిన అపకీర్తి వెనుక ఒక చరిత్ర ఉన్నది. ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలు కుష్ఠాన్ని పద్దెనిమిది విధాలుగా వర్ణించాయి. ఆనాడు ఆ మాట అనేక రకాల చర్మరోగాలకు ఉమ్మడి పేరు. కాలక్రమంలో ఆ పేరు ఒకే వ్యాధికి స్థిరపడింది గాని, దాని చుట్టూ అల్లుకున్న భయం మాత్రం పొలుసులు లేచే ప్రతి మచ్చనూ వెన్నాడుతూనే ఉన్నది. ఐరోపాలోనూ ఇదే జరిగింది. లండన్‌కు చెందిన రాబర్ట్ విల్లన్ 1808లో ఈ వ్యాధి లక్షణాలను చక్కగా వర్ణించినా, కుష్ఠును స్ఫురింపజేసే పేరునే దీనికి వాడాడు. వియన్నా నగర వైద్యుడు ఫెర్డినాండ్ వాన్ హెబ్రా 1841లో ఈ రెండూ వేర్వేరు వ్యాధులని తేల్చాడు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠుకు కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొన్నాడు. సోరియాసిస్‌కు అటువంటి క్రిమి ఏదీ లేదు.

సామాన్యులు గుర్తుంచుకోదగిన తేడా ఒకటి ఉన్నది. కుష్ఠు మచ్చ మీద సాధారణంగా స్పర్శ తగ్గుతుంది. సోరియాసిస్ మచ్చ మీద స్పర్శ యథాతథంగా ఉంటుంది. అంతమాత్రాన కుష్ఠు రోగులను వెలివేయవచ్చునని కాదు. ఆ వ్యాధి కూడా నేడు మందులతో పూర్తిగా నయమవుతున్నది. ఏ రోగినైనా వెలివేయడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదని చెప్పడమే ఇక్కడ ఉద్దేశం.

సోరియాసిస్ ఉన్నవారి చేయి పట్టుకున్నా, వారితో కలిసి భోంచేసినా, వారి దుస్తులతో కలిపి మన దుస్తులు ఉతికినా, ఒకే పడక మీద నిద్రించినా ఈ వ్యాధి రాదు. రాలిన పొలుసులు కేవలం మృతకణాలు. వాటిలో విషం లేదు, క్రిమి లేదు. నాగదోషానికీ దీనికీ సంబంధం లేదు. అశుభ్రత వల్ల వచ్చేది కూడా కాదు. మురికి వదిలించాలని గట్టిగా రుద్దేవారికి వ్యాధి పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఎందుకు వస్తుంది? ఎప్పుడు పెరుగుతుంది?

వంశపారంపర్యంగా సంక్రమించే ఒక గుణం దీనికి పునాది. అయితే పునాది ఉన్నంత మాత్రాన ఇల్లు లేవదు. ఒకే పోలికతో పుట్టిన కవలల్లో ఒకరికి వ్యాధి ఉండి, రెండవవారికి లేకపోవడం వైద్యులు చూస్తూనే ఉన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నప్పటికీ అధిక శాతం పిల్లలకు రాదు. ఆ గుణానికి మరొక ప్రేరణ తోడైనప్పుడే వ్యాధి బయటపడుతుంది.

ఆ ప్రేరణలు ఏవో తెలుసుకోవడం రోగికి ఎంతో అవసరం. గొంతులో చీము చేరడం, మానసిక ఒత్తిడి, చలికాలపు పొడిగాలి, మద్యం, ధూమపానం, స్థూలకాయం వీటిలో ముఖ్యమైనవి. చర్మానికి గాయమైన చోట, గీసుకున్న చోట, రాపిడి తగిలిన చోట కొత్త మచ్చలు లేవడం ఈ వ్యాధి ప్రత్యేక లక్షణం. జర్మన్ వైద్యుడు కోబ్నర్ 19వ శతాబ్దంలో దీన్ని గుర్తించినందున ఆయన పేరుతోనే వ్యవహరిస్తున్నారు. మానసిక వ్యాధికి వాడే లిథియం, రక్తపోటుకూ గుండెకూ వాడే కొన్ని బీటా బ్లాకర్లు, మలేరియాకు వాడే క్లోరోక్విన్ కొందరిలో వ్యాధిని రేపవచ్చు. అలాగని ఆ మందులను ఎవరికి వారు మానివేయరాదు. ఏ వైద్యుని వద్దకు వెళ్లినా, తమకు సోరియాసిస్ ఉన్న సంగతి ముందుగా చెప్పాలి. అంతవరకే రోగి బాధ్యత.

‘శాశ్వత నివారణ’ అనే వల

సోరియాసిస్ స్వభావమే పెరగడం, తగ్గడం. ఏ మందూ వాడకపోయినా కొన్నిసార్లు తనంత తాను అణగిపోయి, నెలల తరబడి కనిపించదు. సరిగ్గా ఈ గుణమే మోసగాళ్లకు పెట్టుబడి. వ్యాధి అణగే సమయంలో ఎవరు ఏ పసరు ఇచ్చినా ఆ పసరుకే పేరు వస్తుంది. మళ్లీ లేచినప్పుడు, పథ్యం సరిగా చేయలేదని నింద రోగి మీద పడుతుంది.

2014లో ప్రపంచ ఆరోగ్య మహాసభ సోరియాసిస్‌పై ప్రత్యేక తీర్మానం ఆమోదించింది. ఇది అంటువ్యాధి కాదనీ, దీర్ఘకాలిక వ్యాధి అనీ, దీన్ని సమూలంగా తొలగించే మందు లేదనీ ఆ తీర్మానం స్పష్టం చేసింది. కాబట్టి బస్సు సీట్ల వెనుకా, గోడల మీదా, కరపత్రాల్లోనూ శాశ్వత నివారణ అని హామీ ఇచ్చే ప్రకటనలను నమ్మడానికి వీలులేదు.

డబ్బు పోవడం ఒక్కటే నష్టమైతే సరిపెట్టుకోవచ్చు. పేరు, కూర్పు ముద్రించని పొడులలోనూ మాత్రలలోనూ స్టెరాయిడ్లు కలిపి అమ్మడం కద్దు. అవి మింగిన వారానికల్లా మచ్చలు మాయమవుతాయి. రోగి సంతోషిస్తాడు. కొన్ని నెలలకు ముఖం ఉబ్బుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎముకలు బలహీనపడతాయి. అనుమానం వచ్చి హఠాత్తుగా మానివేస్తే వ్యాధి మునుపటికంటె తీవ్రంగా తిరగబడుతుంది. ఒళ్లంతా ఎర్రబారి పొలుసులు రాలడం, లేదా చీముపొక్కులు లేవడం జరుగుతుంది. అటువంటి స్థితిలో శరీరం తన వేడినీ, నీటినీ నిలుపుకోలేదు. వణుకు, జ్వరం, కాళ్లవాపు కనిపిస్తాయి. ఇది అత్యవసర స్థితి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. ప్రాణానికి ప్రమాదం లేని వ్యాధి ప్రాణాంతకంగా మారేది సాధారణంగా ఇటువంటి సందర్భాల్లోనే.

లేపనాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. శక్తిమంతమైన స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మకుండా నిరోధించడానికి 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాలను ‘హెచ్’ షెడ్యూలులో చేర్చింది. క్లోబెటసాల్ వంటి తీవ్రమైన లేపనాన్ని ఏకధాటిగా రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములకు మించి వాడరాదన్నది సాధారణ నియమం. ముఖం, చంకలు, గజ్జలు వంటి సున్నితమైన చోట్ల దీన్ని పూయకూడదు. పూస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. పాత చీటీతో ఏళ్ల తరబడి అదే గొట్టాన్ని కొనడం చికిత్స అనిపించుకోదు.

చికిత్సలోని మెట్లు

వ్యాధి ఎంత వ్యాపించిందో తెలుసుకోవడానికి వైద్యులు సులువైన కొలత వాడతారు. వేళ్లతో సహా రోగి అరచేయి వైశాల్యం అతని ఒంటిలో సుమారు నూటికి ఒక వంతు. మచ్చలన్నీ కలిపి మూడు అరచేతులకు లోపు ఉంటే స్వల్పం. పది అరచేతులకు మించితే తీవ్రం. అయితే అరికాళ్లలోనో, ముఖం మీదనో వచ్చి పనికి అడ్డమైతే, విస్తీర్ణం తక్కువైనా తీవ్రంగానే పరిగణించాలి.

మొదటి మెట్టు చర్మాన్ని తేమగా ఉంచడం. స్నానం చేసిన కొద్ది నిమిషాలలోనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందు, పెట్రోలియం జెల్లీగాని కొబ్బరినూనెగాని రాయాలి. ఖర్చు తక్కువైన ఈ పని మానకుండా చేసేవారికి మందుల అవసరం తగ్గుతుంది. రెండవ మెట్టు లేపనాలు. స్టెరాయిడ్లు, కాల్సిపోట్రియాల్, పొలుసులను కరిగించే శాలిసిలిక్ ఆమ్లం, తారు కలిసిన లేపనాలు, షాంపూలు ఈ వర్గంలోనివి. చూపుడువేలి చివరి కణుపు పొడవున గొట్టం నుంచి పిండిన లేపనం సుమారు అర గ్రాము. అది రెండు అరచేతులంత మచ్చకు చాలుతుంది.

మూడవ మెట్టు కాంతి చికిత్స. ఇందులో మన దేశపు మొక్కకు కూడా పాత్ర ఉన్నది. బొల్లి మచ్చలకు ఆయుర్వేదంలో వాడే బావంచాలలో సోరలెన్ అనే పదార్థాలు ఉన్నాయి. సోరలెన్ మాత్ర మింగించి, తరువాత అతినీలలోహిత కిరణాలు సోకించే చికిత్సను 1974లో అమెరికా వైద్యులు సోరియాసిస్‌కు ప్రవేశపెట్టారు. అయితే బావంచాల పొడిని ఇంట్లో పూసుకుని ఎండలో నిలబడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. నేడు మాత్ర అవసరం లేకుండా 311 నానోమీటర్ల కిరణాలతోనే వారానికి రెండు మూడుసార్లు ఇచ్చే పద్ధతి ఎక్కువగా వాడుకలో ఉన్నది. గర్భిణులకు కూడా ఇది అనుకూలమైనది. వారానికి అన్నిసార్లు ఆసుపత్రికి వెళ్లగలగడమే ఇందులో కష్టం.

నాలుగవ మెట్టు మాత్రలు. వీటిలో ప్రధానమైన మెథోట్రెక్సేట్ తెలుగువారికి గర్వకారణం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపించిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ ఆవిర్భవించాయి. 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లల మీద అమినోప్టెరిన్ ఫలితాన్ని ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు కీళ్లవాతానికి ఆ మందు ఇస్తూ ఉండగా, సోరియాసిస్ మచ్చలు కూడా తగ్గిపోవడం గమనించాడు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ చవకైన, నమ్మకమైన మందుగా నిలిచి ఉన్నది.

ఈ మందు విషయంలో ప్రతి కుటుంబమూ కంఠస్థం చేయవలసిన నియమం ఒకటే. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వేసుకోవలసినది వారంలో ఒక్కరోజు మాత్రమే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి, నోరు పూసి, ప్రాణాపాయం కలుగుతుంది. షిఫ్టులలో పనిచేసేవారు ‘వారపు సెలవు రోజున వేసుకుంటాను’ అని పెట్టుకోరాదు. ఆ సెలవు రోజు మారుతూ ఉంటుంది. శనివారం అనో, సోమవారం అనో మారని రోజును ఎంచుకుని, మందుల చీటీ మీద, క్యాలెండరు మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రను వైద్యుడు చెప్పిన రోజుల్లో వేరుగా వేసుకోవాలి. మద్యం పూర్తిగా మానాలి. రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు క్రమం తప్పక చేయించుకోవాలి. గర్భవతులు ఈ మందు ముట్టరాదు. సంతానం కావాలనుకునే దంపతులు ముందుగానే వైద్యునితో మాట్లాడాలి. అసిట్రెటిన్ అనే మరో మందు వాడిన స్త్రీలు, అది మానిన మూడేళ్ల దాకా గర్భం ధరించకూడదు.

ఇక చివరి మెట్టు బయొలాజిక్స్ అనే సూదిమందులు. అలజడి రేపే రసాయనాలను ఒక్కొక్కదాన్నే గురిచూసి అడ్డుకోవడం వీటి ప్రత్యేకత. వీటిలో కొన్ని మన దేశంలోనే తయారవుతున్నాయి. 2013లో ఇటోలిజుమాబ్, 2014లో అడాలిముమాబ్‌కు సమానమైన మందు మన విపణిలోకి వచ్చాయి. వీటితో చర్మం దాదాపు పూర్తిగా శుభ్రపడినవారు ఎందరో ఉన్నారు. కాని వీటి వెల ఎక్కువ. మొదలుపెట్టేముందు క్షయ దాగి ఉన్నదేమో పరీక్షించడం మన దేశంలో తప్పనిసరి. ఇవి కూడా వ్యాధిని అణచి ఉంచేవే తప్ప, సమూలంగా తొలగించేవి కావు.

కీళ్లు చెప్పే సంకేతాలు

సోరియాసిస్ ఉన్నవారిలో పదిమందికి ముగ్గురి వరకు కీళ్లవాతం రావచ్చు. చాలామందిలో మచ్చలు వచ్చిన కొన్నేళ్ల తరువాత ఇది మొదలవుతుంది. ఉదయం లేవగానే అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడం, ఒక వేలు మొత్తం ఉబ్బడం, మడమ నొప్పి, గోళ్లు పాడవడం దీని సంకేతాలు. బరువులెత్తడం వల్ల వచ్చిన నొప్పి అనుకుని మాత్రలతో కాలం గడిపితే కీళ్లు శాశ్వతంగా వంకరపోతాయి. బ్రిటిష్ నాటక రచయిత డెన్నిస్ పాటర్ చేతులు ఈ వ్యాధి వల్లనే ముడుచుకుపోయాయి. బి.బి.సి. 1986లో ప్రసారం చేసిన ఆయన ధారావాహికలో కథానాయకుడు కూడా ఇదే వ్యాధితో ఆసుపత్రి మంచం మీద ఉంటాడు. తొలిదశలో గుర్తిస్తే ఆ నష్టాన్ని నేడు చాలావరకు నివారించవచ్చు.

తీవ్రమైన సోరియాసిస్ ఉన్నవారికి మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, కాలేయంలో కొవ్వు చేరడం వంటివి వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి వార్షిక వైద్యపరీక్షలలో చక్కెర, కొవ్వు, రక్తపోటు ఫలితాలను వీరు ఇతరులకంటె శ్రద్ధగా చూసుకోవాలి.

పని స్థలంలో జాగ్రత్తలు

రాపిడి, గాయం ఈ వ్యాధికి ఆహ్వానాలని ముందే చెప్పుకున్నాము. హెల్మెట్ పట్టీ, బూటు అంచు, చేతితొడుగు ఒరుసుకునే చోట మచ్చలు లేవవచ్చు. అలాగని రక్షణ పరికరాలను తీసివేయడం అంతకంటె పెద్ద ప్రమాదం. హెల్మెట్ లోపల మెత్తని నూలుగుడ్డ, తొడుగు లోపల నూలు తొడుగు, కాలికి సరిపోయే బూటు, నూలు మేజోళ్లు వాడితే ఇబ్బంది తగ్గుతుంది. చేతికంటిన గ్రీజును కిరోసిన్‌తో కడుక్కోవడం మానాలి. సిమెంటు, ద్రావకాలు, కోతయంత్రాల నూనెలు తగిలిన వెంటనే మృదువైన సబ్బుతో కడిగి, తేమ లేపనం రాయాలి. అరచేతులు పగిలి పనిముట్టు పట్టుకోలేని స్థితి వస్తే, ఆ సంగతి వైద్యాధికారికీ, పై అధికారికీ చెప్పి కొంతకాలం వేరే పని కోరడంలో తప్పులేదు. దాచుకుని పనిచేయడం వల్లనే నష్టం.

తోటి ఉద్యోగుల బాధ్యత ఇంకా సులువైనది. పక్కన కూర్చుని భోంచేయడం, చేయి కలపడం, ‘అదేమిటి, ఇంకా తగ్గలేదా?’ అని పదే పదే అడగకుండా ఉండడం. రోగి రోజూ అద్దంలో చూసుకునే మచ్చను మనం మళ్లీ గుర్తుచేయనక్కరలేదు.

ఇంటిలో

పథ్యం పేరిట వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించి రోగిని నీరసపరచడం మన ఇళ్లలో సాధారణం. ఈ పదార్థాలు సోరియాసిస్‌ను పెంచుతాయనడానికి ఆధారాలు లేవు. ఎవరికైనా ఏదైనా పదార్థం పడదని స్వానుభవంలో తేలితే అది మాత్రం మానుకోవచ్చు. నిజంగా ఫలితమిచ్చే పథ్యం వేరే ఉన్నది. బరువు ఎక్కువ ఉన్నవారు దాన్ని తగ్గించుకోవడం, మద్యం, పొగాకు మానడం, వేళకు నిద్రపోవడం. స్నానానికి గోరువెచ్చని నీరు చాలు. పీచుతో, సున్నిపిండితో పొలుసులు రాలేదాకా రుద్దరాదు. తలలో మచ్చలను దువ్వెనతో గీకరాదు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవాలి.

అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్‌కు చిన్నతనం నుంచే ఈ వ్యాధి ఉండేది. నివాసం, వృత్తి మొదలు తన జీవితంలోని పెద్ద నిర్ణయాల మీద చర్మం చూపిన ప్రభావాన్ని ఆయన 1985లో ప్రచురించిన ఒక వ్యాసంలో దాపరికం లేకుండా వివరించాడు. అంతటి ప్రసిద్ధుడికే తప్పని సంకోచం సామాన్య ఉద్యోగికి, పెళ్లీడు ఆడపిల్లకు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. సోరియాసిస్ రోగుల్లో మానసిక కుంగుబాటు తరచు కనిపిస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ కలవకపోవడం, జీవితం మీద విరక్తి మాటలు వినిపిస్తే తేలికగా తీసుకోరాదు. చర్మవైద్యుడితోపాటు మానసిక వైద్యుని సలహా కూడా పొందాలి.

కుటుంబంలో జీవిత భాగస్వామి పాత్ర అన్నిటికంటె ముఖ్యమైనది. వీపు మీది మచ్చలకు రోగి తానుగా లేపనం రాసుకోలేడు. ఆ పనిని భార్యగాని, భర్తగాని జంకు లేకుండా చేసినప్పుడు మందు అందడమే కాదు, తనను అసహ్యించుకునేవారు ఇంట్లో లేరన్న ధైర్యం కూడా రోగికి అందుతుంది. పిల్లలకు కూడా ‘ఇది అంటుకునేది కాదు, నాన్న ఒళ్లో కూర్చోవచ్చు’ అని చిన్ననాడే చెప్పాలి. వివాహ సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు ఈ సంగతి దాచడం మంచిది కాదు. ముందుగా చెప్పి, అవసరమైతే ఇరువైపుల వారూ కలిసి వైద్యుని వద్దకు వెళ్లి సందేహాలు తీర్చుకోవడం ఉత్తమం.

నిత్యం పాటించదగినవి

చికిత్సను వాయిదాలలో కాక వరుసగా సాగించాలి. మచ్చలు కనిపించనప్పుడు కూడా తేమ లేపనం మానరాదు. వాడుతున్న మందుల పేర్లు, తేదీలు, రక్తపరీక్షల ఫలితాలు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే, వైద్యుడు మారినా చికిత్స దారి తప్పదు. వ్యాధి పెరిగిన ప్రతిసారీ దానికి ముందు రెండు మూడు వారాలలో గొంతునొప్పి వచ్చిందా, కొత్త మందు మొదలుపెట్టారా, నిద్ర చెడిందా అని చూసుకుంటే, ఎవరి ప్రేరణ ఏదో వారికే తెలుస్తుంది. స్వయంగా మందులు ప్రారంభించడం ఎంత ప్రమాదమో, తగ్గిందని స్వయంగా ఆపివేయడం కూడా అంతే ప్రమాదం.

ఏటా అక్టోబరు 29న ప్రపంచ సోరియాసిస్ దినోత్సవం జరుపుకుంటున్నారు. ఆ ఒక్కరోజు సభలు జరపడంతో సరిపెట్టుకోకుండా, మన విభాగంలో, మన వీధిలో ఈ వ్యాధి ఉన్నవారిని చర్మవైద్యుని వద్దకు పంపగలిగితే, వారు మనతో కలిసి భోజనానికి కూర్చునేటట్టు చేయగలిగితే అంతకు మించిన సహాయం లేదు. సోరియాసిస్ రోగికి కావలసినది జాలి కాదు. క్రమం తప్పని వైద్యం, ముఖం తిప్పుకోని మనుషులు. మొదటిది వైద్యులు ఇస్తారు. రెండవది ఇవ్వవలసినవారము మనమే.